కట్టేయాలా, కదలనివ్వాలా?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి ఏదైనా మాట్లాడు" అన్నారు. నా వృత్తి యంత్రాల మెయింటెనెన్స్. ముప్ఫై ఏళ్లుగా బేరింగులు, గేర్‌బాక్సులు, కప్లింగులు చూసుకుంటూ బతుకుతున్నాను. వాటి గురించి చెబితే మీరు నిద్రపోతారు. అందుకని మనందరి దగ్గరా ఉన్న ఒక యంత్రం గురించి చెబుదామనుకున్నాను. అది నడుం. ఈ హాల్లో యాభై దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో, కుర్చీలోంచి లేస్తూ "అమ్మా" అనేవాళ్లూ ఇంచుమించు అంతమందే ఉంటారు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను డాక్టర్ని కాదు. ఈ బడిలో చదివి, ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకుని డాక్టర్లయిన వాళ్లు ఇక్కడే కూర్చున్నారు. నేను తప్పు చెబితే భోజనాల దగ్గర నా చెవి మెలిపెట్టే హక్కు వాళ్లకుంది. నేను చెప్పేది ఒక రోగిగా పడ్డ పాటు, ఒక ఇంజినీరుగా అర్థమైన సంగతి. అంతే.

మొదట మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న విశాఖ పోర్టులో కళాసీ. 1933లో తెరిచిన పోర్టు అది. ఎన్ని క్రేన్లు వచ్చినా, బస్తా చివరికి మనిషి వీపు మీదికే వచ్చేది. అప్పటి గోనెబస్తాలు క్వింటాలు తూగేవి. తల మీంచి వీపు మీదికి గోనెపట్టా కప్పుకుని, బస్తా కింద దూరి, చిన్న చిన్న అడుగులతో పరుగులాంటి నడక నడిచేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఇంట్లో బియ్యం మూట చేతులు చాచి ఎత్తబోతే కేకేశాడు. "బరువుని ఒంటికి అంటించుకోరా. దూరం పెట్టావంటే నువ్వు దాన్ని ఎత్తవు, అదే నిన్ను పడేస్తుంది."

ఆ ఏడాదే మా సైన్సు మాస్టారు తులాదండం పాఠం చెప్పారు. భారం ఇంటూ భార భుజం, బలం ఇంటూ బల భుజం. పరీక్షకి బట్టీ పట్టి రాసి మర్చిపోయాను. నాన్న చెప్పిందీ మాస్టారు చెప్పిందీ ఒకటేనని తెలుసుకోవడానికి నాకు ఇంకో ముప్ఫై అయిదేళ్లు పట్టింది. లెక్క చూడండి. ముందుకు వంగి 20 కిలోల బరువుని నడుముకి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారు. దాన్ని నిలబెట్టాల్సిన వీపు కండరాలు వెన్నుపూసకి సుమారు 5 సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. 20 ఇంటూ 40 అంటే 800. దాన్ని 5తో భాగిస్తే 160. అంటే 20 కిలోల మూట కోసం కండరాలు 160 కిలోల బలంతో లాగాలి. ఈ రెండూ కలిసి నడుములోని డిస్కు మీద పడతాయి. పైన మన మొండెం బరువు సరేసరి.

ఇది కాగితం మీది లెక్కే కాదు. 1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రవేత్త, ఆయన బృందం, ఒక మనిషి నడుములోని డిస్కులో ప్రెషర్ కొలిచే సెన్సర్ పెట్టి చూశారు. బోర్లా పడుకుంటే 0.1 మెగాపాస్కల్. మామూలుగా నిలబడితే 0.5. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. అదే బరువు మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. మెగాపాస్కల్ అంటే తెలియనివాళ్లకి చెబుతాను. నడుం వంచి ఎత్తినప్పుడు డిస్కులో ఉన్న ఒత్తిడి, కారు టైరులో కొట్టే గాలికి ఇంచుమించు పది రెట్లు. మా నాన్న బడికి వెళ్లలేదు. ఈ పట్టిక ఆయన వీపుకి తెలుసు.

తెలిసినా వీపు ఊరుకోలేదు. యాభై అయిదేళ్లకే వంగిపోయాడు. నాలుగు అడుగులు వేసి ఆగేవాడు. ఖాళీ సైకిలు మీద చేతులు వేసి తోసుకుంటూ వెళ్తే మాత్రం ఎంత దూరమైనా నడిచేవాడు. "సైకిలు ఎక్కవేంరా బాబూ" అని వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. నరాలు వెళ్లే దారి ఇరుకైనవాళ్లకి ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుందనీ, ఆ సైకిలే ఆయన వైద్యమనీ అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆయనకి ఒక్క స్కానింగ్ కూడా తీయించలేదు.

ఇప్పుడు నా వంతు. ఆరేళ్ల కిందట కుడి పిరుదు నుంచి పిక్క దాకా జివ్వున లాగడం మొదలైంది. ఎం.ఆర్.ఐ. తీస్తే, నడుములోని అయిదు పూసల్లో నాలుగోదానికీ అయిదోదానికీ మధ్య డిస్కు నల్లగా, పలచగా కనిపించింది. ఆ ఫిల్ములో నీళ్లున్న డిస్కు తెల్లగా కనిపిస్తుంది, ఎండిపోయింది నల్లగా. డిస్కు అంటే చుట్టూ పొరలు పొరలుగా అల్లిన గట్టి పట్టీ, మధ్యలో జిగురు ముద్ద. చిన్నప్పుడు ఆ ముద్దలో అధిక భాగం నీరే. పెద్దయినకొద్దీ అది ఆరిపోతుంది. డిస్కు లోపలికి రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బ తింటే సొంతంగా బాగుపడే శక్తి చాలా తక్కువ. డిస్కు పలచబడితే పై పూస కిందికి దిగుతుంది. అప్పుడు వెనకవైపు రెండు చిన్న కీళ్లు ఉంటాయి, వాటిని ఫాసెట్ కీళ్లంటారు, వాటి మీద బరువు పడుతుంది. అవి అరిగి, వాచి, పక్కనున్న నరాన్ని నొక్కుతాయి. ముందొక బేరింగు, వెనక రెండు బేరింగులు. మూడూ కలిసి ఒకే కీలు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మొదట నేను చూపించుకున్న చోట ఫ్యూజన్ చేద్దామన్నారు. అంటే అరిగిన డిస్కు తీసేసి, మధ్యలో కేజ్ అనే చిన్న దిమ్మె పెట్టి, టైటానియం స్క్రూలు, రాడ్లతో రెండు పూసల్ని బిగిస్తారు. కొన్ని నెలల్లో ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటైపోతాయి. ఇది పాత పద్ధతే. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా పూసల్ని అతికించారు. అప్పట్లో ముఖ్యంగా వెన్నుకి క్షయ సోకినవాళ్లకి చేసేవారు.

బిగించడం అనగానే నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక కర్మాగారంలో, పేరెందుకులెండి, ఒక పంపుకీ మోటారుకీ మధ్య రబ్బరు బుష్‌ల కప్లింగు మాటిమాటికీ అరిగిపోయేది. నాకు విసుగొచ్చి, కుర్రతనం కదా, రబ్బరు పీకేసి రిజిడ్ కప్లింగు బిగించేశాను. రెండు వారాలు చప్పుడు లేదు. అందరూ భుజం తట్టారు. మూడో వారం పంపు బేరింగు పోయింది. తర్వాత మోటారు బేరింగు పోయింది. రబ్బరు మింగుతున్న కుదుపుని నేను పక్కింటికి పంపించానన్నమాట.

వెన్నుపూసలోనూ ఇలాంటి భయమే ఉంది. ఒక కీలు కదలకుండా చేస్తే, ఆ వంగుడంతా పైన, కింద ఉన్న కీళ్లు పంచుకోవాలి. ఫ్యూజన్ అయిన కొందరికి కొన్నేళ్ల తర్వాత పక్క డిస్కు అరుగుతుంది. అయితే అందులో ఫ్యూజన్ వాటా ఎంత, వయసు వాటా ఎంత అన్నది ఇప్పటికీ వైద్యుల్లో వాదనే. అయినా నేను ఆగలేదు. నా పంపు కథ నాకుంది కదా. కదలికని నిలబెట్టే ఇంప్లాంట్ల గురించి దొరికిందల్లా చదివాను.

వాటి చరిత్ర ఇంజినీర్లకి చెప్పదగిన కథ. 1960ల్లో స్వీడన్ సర్జన్ ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్, డిస్కు తీసేసిన ఖాళీలో ఒక స్టెయిన్‌లెస్ స్టీలు గుండు పెట్టాడు. అచ్చం బాల్ బేరింగు గుండే. ఆలోచన అందంగానే ఉంది. కానీ గుండు పూసను తాకేది చాలా తక్కువ మేర. బరువంతా ఆ కొంచెం చోటు మీదే. చాలామందిలో గుండు మెల్లగా ఎముకలోకి దిగిపోయింది. ఉక్కునగరం వాళ్లకి ఇది కొత్త కాదు. లోహం గట్టితనం కొలవడానికి మనం చేసే బ్రినెల్ టెస్టు ఇదే కదా. గట్టి గుండుని లోహం మీద నొక్కి, ఎంత గుంట పడిందో చూస్తాం. ఆ బ్రినెల్ కూడా స్వీడన్ ఇంజినీరే. 1900లో కనిపెట్టాడు. ఇనుము మీద ఆయన చేసిన పరీక్షే, అరవై ఏళ్ల తర్వాత తెలియకుండా మనుషుల ఎముక మీద జరిగింది.

రెండో మెట్టు తూర్పు బెర్లిన్‌లో. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన కారిన్ యాంజ్ అనే అమ్మాయి, తర్వాత ఎముకల డాక్టరైంది. నడుం వంచడం ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? కారిన్ బ్యూట్నర్ యాంజ్, కుర్ట్ షెల్నాక్ కలిసి షారిటే ఆసుపత్రిలో కృత్రిమ డిస్కు తయారుచేశారు. పైనా కిందా లోహపు పలకలు, మధ్యలో జారే పాలిథిలీన్ బిళ్ల. 1984లో మొదట మనిషికి అమర్చారు. తొలి నమూనాలు కుదరలేదు. పలకలు పక్కకి జరిగాయి, కొన్ని అలసి విరిగాయి. 1987 నాటి మూడో నమూనా నిలబడింది. 2004లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఫ్రాన్సులో తియెరీ మార్నే చేసిన ప్రోడిస్క్‌కి 2006లో అనుమతి వచ్చింది.

ఇవి ముందువైపు డిస్కుని మార్చేవి. వెనకవైపు నుంచి అమర్చేవి వేరే ఉన్నాయి. 1994లో వచ్చిన డైనెసిస్‌లో స్క్రూల మధ్య రాడ్డుకి బదులు పాలిమర్ తాడు, దానిచుట్టూ మెత్తటి గొట్టం ఉంటాయి. ఎక్స్-స్టాప్ అనేది పూసల వెనక ముళ్ల మధ్య పెట్టే ఆపు. మా నాన్నకి సైకిలు చేసిన పని అది చేస్తుంది, నడుం వెనక్కి వాలకుండా కాస్త వంగే ఉంచుతుంది. 2005లో అనుమతి వచ్చింది, తర్వాత అమ్మకం ఆగిపోయింది. 2023లో టాప్స్ అనే పరికరానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది పూస కొద్దిగా ముందుకు జారి, నరం దారి ఇరుకైనవాళ్లకి, తీసేసిన ఫాసెట్ కీళ్ల పని చేయడానికి ఉద్దేశించింది.

ఇదంతా చదివి, నాకు కృత్రిమ డిస్కే కావాలని నేను తీర్మానించుకున్నాను. టెండరు తెరిచినట్టు ఒక ఫైలు తయారుచేసుకుని, మన ఊళ్లోనే ఇంకో వెన్నెముక సర్జన్ దగ్గరికి వెళ్లాను. నాకంటే వయసులో చిన్నవాడు. ఫైలు ఓపిగ్గా తిరగేశాడు. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాడు.

"సార్, మీకు నొప్పి నడుములో ఎక్కువా, కాల్లో ఎక్కువా?"

కాల్లోనే అన్నాను.

"మీ ఎముక సాంద్రత ఎప్పుడైనా చూపించుకున్నారా?"

లేదన్నాను. ఫెర్న్‌స్ట్రోమ్ గుండు కథ నా ఫైల్లోనే ఉంది, కానీ ఆ ప్రశ్న నా ఎముకకి వేసుకోవాలని తోచలేదు. మెత్తబడిన ఎముకలోకి ఏ పలకైనా దిగిపోతుంది.

మూడోది అడగలేదు, స్కానులో చూపించాడు. నా ఫాసెట్ కీళ్లు రెండూ అరిగిపోయి ఉన్నాయి. "మీరు బేరింగుల ఇంజినీరు కదండీ. వెనక రెండూ పోయాక ముందుది ఒక్కటే కొత్తది వేస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్లు కుర్రాళ్లకి నేను అడిగిన ప్రశ్న అది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు నొప్పి కంటే అవమానం ఎక్కువనిపించింది. ఫైలు చంకలో పెట్టుకుని, బీచ్ రోడ్డులో చాలాసేపు కూర్చున్నాను.

అక్కడ కూర్చున్నాకే అసలు సంగతి బుర్రకెక్కింది. స్క్రూలు, రాడ్ల పని తాత్కాలికం. ఎముక అతుక్కునేదాకా పట్టుకుంటే చాలు, తర్వాత భారం ఎముకదే. కదిలే ఇంప్లాంటుకి రిటైర్మెంటు లేదు. మనిషి బతికినన్నాళ్లూ వంగుతూ, తిరుగుతూ, అరగకుండా, జారకుండా పనిచేయాలి. అందుకే కృత్రిమ డిస్కుల అరుగుదల పరీక్షకి అంతర్జాతీయ ప్రమాణం కోటి సార్లు వంచమంటుంది. సెకనుకి ఒకసారి చొప్పున రాత్రీ పగలూ ఆపకుండా నడిపితే 116 రోజులు. పైగా పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకి జరిపి అమర్చాలి. పాడైతే మళ్లీ అదే దారిన వెళ్లడం ఇంకా కష్టం. కాబట్టి ఎవరికి వేయాలో చాలా జాగ్రత్తగా ఎంచుతారు. సాధారణంగా అరవై లోపు వయసు, ఒకటి రెండు డిస్కులే చెడి ఉండటం, ఫాసెట్ కీళ్లు బాగుండటం, ఎముక గట్టిగా ఉండటం, పూస పెద్దగా జారకపోవడం. అలాంటివాళ్లలో అది ఫ్యూజన్‌కి తీసిపోదని అయిదేళ్లు గమనించిన పరీక్షలు చెప్పాయి. కదలిక మిగలడం నిజమైన లాభమే. కానీ ఆ అయిదు షరతుల్లో ఒకటి తప్పినా లెక్క మారిపోతుంది.

నా పంపు కథలోనూ నేను సగమే గుర్తుపెట్టుకున్నాను. తప్పు రిజిడ్ కప్లింగుది కాదు. అలైన్‌మెంటు చూడకుండా బిగించిన నాది. నిలువు పంపులకి రిజిడ్ కప్లింగే వేస్తాం, ఏళ్ల తరబడి తిరుగుతాయి. ఈ సభలో నా బెంచీమేట్ ఒకడున్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను. పూస జారి, నిలబడలేని స్థితిలో ఫ్యూజన్ చేయించుకున్నాడు. నిన్న రాత్రి ఈ షామియానా కుర్చీలు సర్దింది వాడే. కట్టేయడం ఓటమి కాదు, కదలనివ్వడం గెలుపు కాదు. ఏ కీలుకి ఏం కావాలన్నదే ప్రశ్న.

నాకేం చేశారని అడుగుతారు. ఆపరేషన్ చేయలేదు. మందులు, ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, రోజూ నడక. కాలి నొప్పి నాలుగు నెలల్లో తగ్గింది. నడుం ఇప్పటికీ ఉదయం ఒకసారి పలకరిస్తుంది. డిస్కు జారి కాలు లాగేవాళ్లలో చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. అయితే కొన్నింటికి ఆగకూడదు. మూత్రం, మల విసర్జన అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం ఎత్తలేకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.

ఇంప్లాంటు వేయించుకున్నవాళ్లకి ఒక ఇంజినీరు విన్నపం. డబ్బా మీద లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని, ఇంటి దస్తావేజులతో పాటు దాచుకోండి. స్టీల్ ప్లాంటులో ప్రతి బిల్లెట్‌కి హీట్ నంబరు ఉన్నట్టే అది. రేపు ఏదైనా తేడా వస్తే వెతికి పట్టుకునే దారి అదొక్కటే.

బడి పిల్లలు వెనక వరుసల్లో ఉన్నారు కాబట్టి వాళ్లకి రెండు మాటలు. భీమిలి వైపు ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మనైట్. అందులో ఉన్నది టైటానియమే. ఉక్కు బిరుసులో సుమారు సగమే దాని బిరుసు, అందుకే ఎముకతో కాస్త బాగా సర్దుకుంటుంది. హైదరాబాదులో 1973లో పెట్టిన మిధాని టైటానియం మిశ్రమాలు, ఎముకల ఇంప్లాంట్లు తయారుచేస్తోంది. మన స్టీల్ ప్లాంటు పక్కనే, పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ 2018లో మొదలైంది. వైద్య పరికరాలు తయారుచేయడానికీ, పరీక్షించడానికీ కట్టిన చోటు అది. నా తరంలో వైద్యం అంటే డాక్టరు, ఇంజినీరింగ్ అంటే ఫ్యాక్టరీ. ఆ రెంటి మధ్య ఒక తలుపు ఉందని మాకెవరూ చెప్పలేదు. మీకు ఆ తలుపు బస్సు దూరంలో ఉంది. వెళ్లండి. వెళ్లినప్పుడు ఫెర్న్‌స్ట్రోమ్ గుండుని మర్చిపోకండి. మంచి ఆలోచన చాలదు, అది ఎవరి ఎముక మీద కూర్చుంటుందో కూడా చూడాలి.

పెద్దలకి ఒక మాట. 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, మగ కూలీ మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సిఫారసు చేసింది. ఆ ఏడాదీ, ఆ తర్వాత ఎన్నో ఏళ్లూ మా నాన్న క్వింటాలు మోశాడు. ప్రపంచంలో ఉన్న డిస్కులన్నీ తెచ్చినా, సగం బరువున్న బస్తా చేసే మేలు చేయలేవు. మీలో గోదాములు, దుకాణాలు, కాంట్రాక్టులు నడిపేవాళ్లున్నారు. మీ దగ్గర బస్తా మోసేవాడి కోసం ఒక ట్రాలీ కొనండి. ఈ బడి పిల్లల సంచి కూడా ఒకసారి తూకం వేయించండి. 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం, సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదంటుంది. తూకం యంత్రం నేను కొనిస్తాను.

చివరగా, ముందు వరుసలో మా డ్రిల్ మాస్టారు కూర్చున్నారు. మోకాళ్లు వంచకుండా కాలి బొటనవేలు అందుకోమని మమ్మల్ని ఏడిపించినవారు. మాస్టారూ, మేమంతా గంట పైన కదలకుండా కూర్చున్నాం. ఆ ఈల మీ జేబులో ఉందని నాకు తెలుసు. బొటనవేలు వద్దు గానీ, ఒక్కసారి అందర్నీ లేపి నిలబెట్టండి.